కొలంబియా ఆరు ప్రశ్నలు: అనంతపురం క్లాసుల్లో నాలుగేళ్లు వాడాక

ఆత్మహత్య ముప్పును ఎలా అడిగి తెలుసుకోవాలో నర్సింగ్ విద్యార్థులకు, హౌస్ సర్జన్లకు నేర్పడానికి కొలంబియా స్క్రీనర్ అనే ఈ ఆరు ప్రశ్నల ఫారం వాడుతున్నాం. ఉచితం, ఒకటే పేజీ, సైకియాట్రీ చదవనివాళ్లూ వాడొచ్చు. మా పిల్లల చేత, అంటే విద్యార్థుల చేత, ఆత్మహత్య మాట నోరు తెరిచి అడిగించడానికి ఇది చాలా బాగా పనికొస్తుంది. జవాబులను బట్టి చివర్లో వచ్చే ముప్పు రంగును (పసుపు తక్కువ, నారింజ మధ్యస్థం, ఎరుపు ఎక్కువ) మాత్రం వాళ్లు మరీ ఎక్కువగా నమ్మేస్తారు.

కాగితం లేకుండా అడగమంటే చాలామంది "అట్లాంటి ఆలోచనలేం లేవు కదా?" అంటారు. ఆ 'కదా' వినగానే పేషెంటు "లేవు" అనేస్తాడు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్న భయం దీని వెనక ఉంది. అడగడం వల్ల ముప్పు పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ సంగతి మొదటి గంటలోనే చెప్పేయాలి.

పుస్తకాల తెలుగు మంచం దగ్గర పనికిరాదు. మొదటి ప్రశ్నను "పడుకుని మళ్లీ లేవకుంటే బాగుండు అనిపించిందా?" అని, రెండోదాన్ని "ప్రాణం తీసుకోవాలనిపించిందా?" అని అడిగిస్తాం. మూడోది ఎట్లా అని ఆలోచించారా, నాలుగోది చేసేయాలనే అనుకున్నారా. ఈ రెండింటి మధ్య తేడాతోనే నారింజ ఎరుపవుతుంది, పిల్లలు ఎక్కువగా తడబడేదీ ఇక్కడే.

అన్నిటికన్నా పెద్ద తప్పు మరొకటుంది. రెండో ప్రశ్నకు 'లేదు' అంటే 3, 4, 5 వదిలి ఆరోదానికి, అంటే ప్రాణం తీసుకోవడానికి ఏమైనా చేశారా, మొదలుపెట్టారా అన్నదానికి వెళ్లాలి. వీళ్లు అక్కడే ఫారం మూసేస్తారు. అందుకే రోల్‌ప్లే కార్డు ఇలా రాస్తాం: కళ్యాణదుర్గం వైపు వేరుశనగ రైతు, 46 ఏళ్లు, బోరు ఎండింది. ఆలోచనల గురించి అడిగితే "అట్లాంటిదేం ల్యాదు సామీ" అంటాడు. రెండు నెలల కింద పురుగుమందు డబ్బా చేతిలోకి తీసుకుంటే భార్య లాక్కుంది. అది అడిగితేనే చెప్పాలి. "ఎప్పుడైనా ప్రయత్నించారా?" అంటే "లేదు" అంటాడు, ఎందుకంటే తాగలేదు. "మొదలుపెట్టి ఆగారా, ఎవరైనా ఆపారా?" అన్నప్పుడే బయటపడుతుంది. మూడు నెలల లోపుది కాబట్టి ఎరుపు. ముగ్గురేసి జట్టు, పది నిమిషాల ఆట, ఐదు నిమిషాల చర్చ. కార్డు లేకపోతే పేషెంటు వేషం వేసినవాళ్లు రెండో నిమిషంలోనే ఏడ్చి అంతా చెప్పేస్తారు, ఇంకేం నేర్చుకుంటారు!

వార్డులో ఇంకో చిక్కు. పక్కనున్న అత్తో భర్తో "పొరపాటున తాగింది" అని జవాబిచ్చేస్తారు. వాళ్లను బయట కూర్చోబెట్టడం ఏడో ప్రశ్న అనుకోండి. పోలీసు కేసు భయం కూడా ఉంటుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్షించకూడదని విద్యార్థికి తెలిసుండాలి.

రంగు సంగతి. పసుపు వస్తే ఇంటికి పంపేయొచ్చని పిల్లలు అనుకుంటారు. ఏ స్కేలూ ఎవరు చనిపోతారో ముందే చెప్పలేదు. ఇంగ్లండ్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే సంస్థ నైస్ కూడా ముప్పును ఊహించడానికి వీటిని వాడొద్దంటుంది. అందుకే రంగు రాశాక భద్రతా ప్రణాళిక కూడా రాయిస్తాం: హెచ్చరిక సూచనలు, తనంతట తాను చేసుకోగలిగేవి, మనసు మళ్లించే మనుషులూ చోట్లూ, సాయమడగగల వాళ్లు, డాక్టరుతో పాటు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416, ఇంట్లో పురుగుమందు డబ్బా ఎవరి దగ్గర తాళంలో ఉంటుంది. ఈ చివరిదాన్ని కుటుంబంతోనే తేల్చుకోవాలి.

క్లాసుకు ముందు "ఎవరికైనా కష్టంగా అనిపిస్తే లేచి వెళ్లొచ్చు, తర్వాత మాతో మాట్లాడొచ్చు" అని చెప్పడం మరవకండి. ఇంకొకటి: నలుపు తెలుపు జిరాక్స్‌లో పసుపు, నారింజ, ఎరుపు గళ్లు మూడూ ఒకే బూడిదరంగులో వస్తాయి. పక్కన పెన్నుతో రంగు పేరు రాసి ఇవ్వండి.