కౌన్సిల్ వాళ్ల గవర్నర్ సర్వీస్: రెండేళ్లు వాడాక నా రివ్యూ

ఇంగ్లండ్‌లో పిల్లల్ని చదివించుకుంటూ, స్కూల్ గవర్నర్‌గా నిలబడదామా వద్దా అని ఊగిసలాడుతున్న మన తెలుగు వాళ్ల కోసం, గవర్నర్లకి ట్రైనింగ్, సలహా ఇచ్చే మా కౌన్సిల్ (ఇక్కడి స్థానిక ప్రభుత్వం) సర్వీస్ గురించి ఇది రాస్తున్నాను. గవర్నర్ అంటే రాష్ట్ర గవర్నర్ కాదు, మన ఊళ్లో స్కూల్ కమిటీ ఉంటుంది చూడండి, అలాంటిదే. కాకపోతే ఇక్కడ వీళ్ల మీద బరువు ఎక్కువ. స్కూల్ ఏ దారిన నడవాలో తేల్చాలి, పిల్లలు ఎలా చదువుతున్నారని హెడ్‌టీచర్‌ని లెక్క అడగాలి, డబ్బు సరిగ్గా ఖర్చవుతోందో లేదో చూడాలి. జీతం లేదు, పదవీకాలం మామూలుగా నాలుగేళ్లు. మా పాప చదివే ప్రైమరీ స్కూల్లో 2023లో పేరెంట్ గవర్నర్ ఖాళీ వస్తే ఫారం నింపాను, తల్లిదండ్రులు ఓట్లేశారు, గెలిచాను.

ఆ సంతోషం మొదటి మీటింగ్ దాకానే. సాయంత్రం ఆరింటికి స్కూల్ లైబ్రరీలో, రిసెప్షన్ క్లాస్‌లో నాలుగైదేళ్ల పిల్లలు కూర్చునే బుల్లి కుర్చీల్లో అందరం కూర్చున్నాం, ముందు దొంతరగా కాగితాలు. ఎవరు మాట్లాడినా సగం మాటలు పొడి అక్షరాలే, ఒక్కటీ తెలిసినది కాదు. రెండు గంటలసేపు నోరు విప్పలేదు. ఇంటికొచ్చి మా వారితో రాజీనామా చేసేస్తానన్నాను కూడా. ఆ వారమే మా గవర్నర్ల మీటింగ్‌ల పని చూసే క్లర్క్ గారు ఈ సర్వీస్ లాగిన్ పంపారు. స్కూల్ ఏడాదికోసారి కౌన్సిల్‌కి డబ్బు కడుతుంది, గవర్నర్లం మన జేబులోంచి పైసా పెట్టక్కర్లేదు. టర్మ్‌కోసారి పాలసీ బ్రీఫింగ్, ట్రైనింగ్ క్లాసులు, ఒక హెల్ప్‌లైన్, ఇవీ ఇచ్చేవి.

బ్రీఫింగ్ గురించి ముందు చెబుతాను, ఎందుకంటే నన్ను గవర్నర్‌గా నిలబెట్టింది అదే. నడిపే ఆవిడ ఒకప్పుడు హెడ్‌టీచర్. సెషన్‌కి ఒకే ఒక్క కాగితం ఇస్తారు, రెండు వైపులా ప్రింట్. ఎడమ గడిలో ఏం మారింది, మధ్య గడిలో అది హెడ్ పనా మన పనా, కుడి గడిలో వచ్చే మీటింగ్‌లో మీరు అడగాల్సిన ప్రశ్న. అంతే. ఆ కుడి గడి విలువ ఎంతో వాడితే గాని తెలియదు. ప్రభుత్వం వెబ్‌సైట్‌లో గైడెన్స్ ఎంతైనా దొరుకుతుంది, చదివి అర్థం చేసుకోవచ్చు కూడా, కానీ అర్థమైన దాన్ని పదిమంది ముందు ఒక ప్రశ్నగా అడగడం వేరే విద్య. అది ఈవిడ నేర్పారు.

ఆఫ్‌స్టెడ్, అంటే స్కూళ్లని తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ, తెచ్చిన మార్పులే చూడండి. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చి స్కూల్ మొత్తానికి ఒకే ఒక్క మాటతో ముద్ర వేసే పద్ధతి ఏళ్ల తరబడి ఉండేది. రెడింగ్‌లో కావర్షమ్ ప్రైమరీ హెడ్ రూత్ పెర్రీ గారు, తన స్కూల్‌కి ఇన్‌స్పెక్షన్ జరిగాక, 2023 జనవరిలో ప్రాణం తీసుకున్నారు. ఆ ఇన్‌స్పెక్షన్ కూడా ఆవిడ మరణానికి ఒక కారణమని అదే ఏడాది డిసెంబర్‌లో కరోనర్ (మరణాల మీద విచారణ చేసే అధికారి) తేల్చారు. 2024 సెప్టెంబర్‌లో ప్రభుత్వ స్కూళ్లకి ఆ ఒక్క మాట తీర్పు తీసేశారు, 2025 నవంబర్ నుంచి రిపోర్ట్ కార్డ్ వచ్చింది. ఇన్‌క్లూజన్ (పిల్లలందర్నీ కలుపుకుపోవడం), పాఠాలు, హాజరు ఇలా ఒక్కో విషయానికి విడిగా అయిదు మెట్ల స్కేల్, కింద 'అర్జెంట్ ఇంప్రూవ్‌మెంట్' నుంచి పైన 'ఎక్సెప్షనల్' దాకా. సేఫ్‌గార్డింగ్, అంటే పిల్లల భద్రత, మాత్రం పాసా ఫెయిలా అన్నట్టు రెండే. బ్రీఫింగ్‌లో ఆవిడ ఈ స్కేల్ చెప్పబోతూ రూత్ పెర్రీ గారి పేరు దగ్గర ఆగిపోయారు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకటే అన్నారు, మీ హెడ్ ఎలా ఉన్నారో మీరు కాక ఇంకెవరు అడుగుతారు అని. ఆ రోజు కాగితంలో కుడి గడిలో మొదటి ప్రశ్న అదే. మా తర్వాతి మీటింగ్‌లో నేనే అడిగాను. హెడ్ గారు వెంటనే జవాబు చెప్పలేదు, కప్పులో టీ వంక చూస్తూ ఉండి, ఆదివారాలు కూడా పని చేస్తున్నానని చెప్పారు. దాని మీద అరగంట మాట్లాడుకుని కొన్ని రిపోర్టులు తగ్గించాం, గవర్నర్లు రాత్రి తొమ్మిది తర్వాత హెడ్‌కి ఈమెయిల్ పెట్టకూడదని అనుకున్నాం.

ఇంకో సంగతి, కొత్త కార్డులో 'లీడర్‌షిప్ అండ్ గవర్నెన్స్' అని మన పేరే ఎక్కింది, ఇంతకుముందు దాన్ని 'లీడర్‌షిప్ అండ్ మేనేజ్‌మెంట్' అనేవాళ్లు. కాబట్టి ఇన్‌స్పెక్టర్ ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే మనకి మన స్కూల్ గురించి తెలిసుండాలి.

హెల్ప్‌లైన్ సంగతి చెప్పాలంటే మన తెలుగు ఇళ్లన్నింట్లో ఉండే సెలవుల టెన్షన్ చెప్పాలి. 2024 ఆగస్టు 19 నుంచి ఇంగ్లండ్‌లో హాజరు రూల్స్ బిగించారు. పది స్కూల్ వారాల్లో పది పూటలు, అంటే అయిదు రోజులు, అనుమతి లేకుండా మానేస్తే ఫైన్ వేయాలా అని స్కూల్ ఆలోచించి తీరాలి. ఫైన్ 80 పౌండ్లు, 21 రోజుల్లో కట్టకపోతే 160. అదీ తల్లికీ తండ్రికీ విడివిడిగా, ఒక్కో బిడ్డకీ విడివిడిగా, అంటే ఇద్దరు పిల్లలున్న ఇంటికి తక్కువలో తక్కువ 320. మూడేళ్లలోపు రెండోసారైతే నేరుగా 160, మూడోసారి ఫైన్ లేదు, కోర్టు దాకా పోవచ్చు. సంక్రాంతి ఎప్పుడూ టర్మ్ మధ్యలోనే వస్తుంది, ఆగస్టులో వెళదామంటే టికెట్లు మండిపోతుంటాయి. గేటు దగ్గర ఒకావిడ నన్ను పట్టుకుని, "అక్కా, మా మామగారి షష్టిపూర్తి, మీరు గవర్నరే కదా, హెడ్‌కి ఒక్క మాట చెప్పరా" అంది. ఏం చెప్పాలో తోచలేదు. మన ఇళ్లల్లో షష్టిపూర్తికి కొడుకూ మనవలూ లేకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. తీసిన ఆవిడ సాంతం విని, ఒక బిడ్డ సెలవు సంగతి పూర్తిగా హెడ్ చేతిలోది, అందులో గవర్నర్ వేలు పెట్టకూడదు అని సూటిగా చెప్పారు. అక్కడితో పెట్టేయలేదు. సెలవు రూల్ తల్లిదండ్రులకి అర్థమయ్యేలా రాసి ఉందా, అందరికీ ఒకే కొలతతో చూస్తున్నారా, ఏ పిల్లలు ఎక్కువ మానేస్తున్నారో అంకెలు మీ ముందు పెడుతున్నారా, ఇవి అడగండి, ఇవి మీ హక్కు అన్నారు. అవే అడిగాను. ఫలితంగా మా స్కూల్ న్యూస్‌లెటర్‌లో సెలవుల పేజీ మొత్తం తిరగరాశారు, ఫైన్ లెక్క ఉదాహరణతో సహా, మతపరమైన పండగ రోజుకి హాజరు పట్టీలో 'ఆర్' అనే వేరే కోడ్ ఉంటుందన్న మాట కూడా చేర్చి. గేటు దగ్గర అడిగిన ఆవిడకి సెలవు దొరకలేదు, అది నిజం, ఆ బాధ నాకింకా ఉంది. కానీ ఆ తర్వాత మా గేటు దగ్గర ఎవరూ టికెట్లు కొన్నాక అడగడం లేదు, ముందే అడుగుతున్నారు.

బాగోలేనివి కూడా చెప్పాలి. రికార్డ్ చేసిన ట్రైనింగ్ క్లాసులు పాతబడిపోయాయి. ప్రభుత్వం వాళ్ల పాత గవర్నెన్స్ హ్యాండ్‌బుక్ 2024 మార్చిలో తీసేసి, కౌన్సిల్ స్కూళ్లకి ఒకటి, అకాడమీలకి (కౌన్సిల్ కింద లేని ప్రభుత్వ స్కూళ్లు) ఒకటి కొత్త గైడ్‌లు ఇచ్చారు. అయినా కొత్త గవర్నర్ల క్లాస్‌లో ఇంకా ఆ హ్యాండ్‌బుక్ పేజీ నంబర్లే చెబుతున్నారు. కొత్తగా వచ్చినవాళ్లకి అది పాతదని ఎలా తెలుస్తుంది? లైవ్ క్లాసులు చాలావరకు సాయంత్రం నాలుగింటికి పెడతారు, అది పిల్లల్ని ఇంటికి తెచ్చుకునే వేళ, ఉద్యోగం ఉన్నవాళ్లకి అసలే కుదరదు. (కౌన్సిల్ స్కూల్ గవర్నర్లకి ఆఫీసులో కొంత టైమ్ ఆఫ్ అడిగే హక్కు చట్టంలో ఉంది, జీతంతో ఇవ్వాలా లేదా అన్నది కంపెనీ ఇష్టం.) ప్రత్యేక అవసరాలున్న పిల్లల గురించి రెండేళ్లలో ఒక్క పూర్తి సెషన్ కూడా పెట్టలేదు, నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే, ఎందుకంటే మా మీటింగ్‌లో సగం చర్చ ఆ పిల్లల గురించే. 2025 నవంబర్‌లో వచ్చిన కరికులమ్ రివ్యూని కూడా పది నిమిషాల్లో ముగించేశారు, కొత్త సిలబస్ 2028 సెప్టెంబర్ నుంచి కాబట్టి ఇంకా టైముందని. టీచర్లని, బడ్జెట్‌ని ముందే సర్దుకోవాల్సిన గవర్నర్లకి అది చాలదు.

మా చెల్లి గుంటూరు దగ్గర ఒక ఊళ్లో స్కూల్ కమిటీ మెంబర్. విద్యాహక్కు చట్టం పుణ్యమా అని అక్కడ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం ఆడవాళ్లు ఉండాలి. మనిషి ఉంది, మనసు ఉంది, కానీ వచ్చిన జీవో ఏంటో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు లేరంటుంది. మా బ్రీఫింగ్ కాగితం ఫొటో పంపితే, ఆ కుడి గడి లాంటిది మాకు తెలుగులో ఒక్కటిచ్చినా చాలు అంది.

నిలబడాలనుకునేవాళ్లకి ఒక మాట, బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉండాలన్న రూల్ లేదు, ఇంగ్లిష్ గడగడా రావాలన్న రూల్ అంతకన్నా లేదు. మీ స్కూల్ ఇలాంటి సర్వీస్‌కి డబ్బు కడుతోందా లేదా అని ఫారం నింపేముందే క్లర్క్‌ని అడగండి. కడుతుంటే బ్రీఫింగ్‌లు ఒక్కటీ వదలకండి, రికార్డింగ్‌ల జోలికి వెళ్లకండి, సందేహం వస్తే ఫోన్ చేయండి. నా వరకు అయిదుకి నాలుగు స్టార్లు.

వచ్చే ఏడాదికి రెన్యూ చేద్దామా అని మొన్నటి బడ్జెట్ మీటింగ్‌లో అడిగితే మొదట చెయ్యెత్తింది నేనే. ఆ పాత క్లాసుల సంగతి, ప్రత్యేక అవసరాల పిల్లల మీద సెషన్ సంగతి అదే రాత్రి వాళ్లకి ఈమెయిల్ రాశాను, జవాబు కోసం చూస్తున్నాను.