ఐదు చలికాలాలు, ఉండవల్లి నుంచి ఆటోనగర్ దాకా సైకిలు మీద

మా ఇంట్లో కొబ్బరినూనె సీసాలో నూనె తెల్లగా పేరుకుందంటే ఆ ఆదివారం సైకిలు బయటికి తీస్తాను. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది కాబట్టి, తెల్లవారుజామున సీసా వంచినా నూనె కదలట్లేదంటే మన వైపు చలి మొదలైనట్టే. కార్తీక మాసం సగం గడిచేసరికి ఇది జరుగుతుంది. అక్కడి నుంచి శివరాత్రి దాకా నేను పనికి సైకిలు మీదే వెళతాను. మిగతా నెలల్లో స్కూటరో, బస్సో. బెజవాడ ఎండల్లో పదకొండు కిలోమీటర్లు తొక్కి మళ్లీ ఎనిమిది గంటలు పనిచేయడం నా వల్ల కాదు.

2020 నవంబరులో కొన్నాను. గేర్లు లేని మామూలు సైకిలు, 26 అంగుళాల చక్రాలు, తీగ బ్రేకులు, వెనక క్యారేజీ, చైనుకు నిండా కవరు. ధర 5,200. కరోనా రోజుల్లో బస్సులో ఇరుక్కుని వెళ్లడం ఇష్టం లేక కొన్నదే, తర్వాత వదలబుద్ధి కాలేదు. రోజుకు రానూపోనూ 22 కిలోమీటర్లు. ఐదు సీజన్లూ కలిపితే 8,000కు అటూ ఇటూగా తిరిగి ఉంటుంది. నేను ఆటోనగర్‌లో ఒక షెడ్డులో స్టోర్సు చూస్తాను. ఏడింటికి తాళం తీయాలి, కాబట్టి ఆరింటికి ఇంట్లో బయలుదేరాలి. జనవరిలో 6.35 దాటితే గానీ సూర్యుడు రాడు. అంటే సగం దారి చీకట్లోనే.

చలి గురించి ముందు చెప్పేస్తాను. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో మనకు మామూలుగా 17 నుంచి 19 డిగ్రీలు ఉంటుంది. ఇంటి ముందు నిలబడితే హాయిగానే ఉంటుంది. సైకిలెక్కి కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీ మీదకు వచ్చేసరికి ఎదురుగాలి చెవుల్లోకి, చొక్కా గుండీల మధ్యలోకి దూరుతుంది. మొదటి సంవత్సరం నేను దీనికి భయపడి ఉన్ని స్వెట్టరు, దాని మీద జర్కిన్, తలకు మంకీ క్యాపు వేసుకుని బయలుదేరాను. బస్టాండు దాటేసరికి వీపంతా చెమట. బెంజి సర్కిల్ చేరేసరికి బనీను పిండితే నీళ్లు కారేలా ఉంది. షెడ్డులోకి వెళ్లి కూర్చున్నాక ఆ తడి బనీను ఒంటి మీదే చల్లబడి అసలు చలి అప్పుడు మొదలైంది. వారం తిరక్కుండా జలుబు పట్టుకుంది. సైకిలు తొక్కితే జలుబు చేసిందని మా ఆవిడ అంది. అప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు చూస్తే ఆ రోజు నన్ను వణికించింది సైకిలు కాదు, స్వెట్టరే.

ఇప్పుడు బయలుదేరేటప్పుడు కొంచెం చలి వేసేలాగే బయలుదేరతాను. పూర్తి చేతుల చొక్కా, లోపల ఛాతీ మీద నిన్నటి న్యూస్‌పేపరు రెండు మడతలు. పేపరు గాలిని ఆపుతుంది, చెమట పట్టే సమయానికి లాగేసి క్యారేజీకి పెట్టేయొచ్చు. చెవులకు టవలు చుట్టుకుంటాను. మంకీ క్యాపు మాత్రం సైకిలు మీద వద్దనే చెబుతాను, వెనక వచ్చే బండి చప్పుడు సగమే వినిపిస్తుంది, తల తిప్పితే క్యాపు అంచు కంటికి అడ్డం వస్తుంది. షెడ్డులో నా అల్మరాలో ఎప్పుడూ ఒక పొడి బనీను ఉంటుంది. చేరగానే మార్చుకుంటాను. గత మూడు చలికాలాల్లో ఈ దారి వల్ల జలుబు చేసిన గుర్తు లేదు.

వేళ్ల సంగతి వేరు. ఒంటికి వేడి పుట్టినా బ్రేకు లివరు పట్టుకున్న వేళ్లకు పుట్టదు. ఉన్ని గ్లౌజులు కొన్నాను, మంచుకి తడిసి లివరు మీద జారాయి. చివరకు మా షెడ్డులోనే దొరికింది పరిష్కారం. ఇనుప రేకులు మోసేవాళ్లు వేసుకునే నూలు గ్లౌజులు, అరచేతి వైపు రబ్బరు చుక్కలు ఉంటాయి. జత ముప్పై రూపాయలు. తడిసినా పట్టు జారదు. ఐదేళ్లలో ఈ సైకిలు కోసం పెట్టిన డబ్బులో ఈ ముప్పై రూపాయలంత బాగా పనికొచ్చింది ఇంకొకటి లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. మన ఊళ్లో చలికాలం సైకిలుకు చలితో ఇబ్బంది లేదు. ఇబ్బందంతా తడితో, పొగమంచుతో.

ప్రకాశం బ్యారేజీ కిలోమీటరుంపావు పొడవు ఉంటుంది. ఎగువన నిండా నీళ్లు, దిగువన ఇసుక మేటలు, అటు దిగగానే కాలువలు. మబ్బు లేని రాత్రి నేల తొందరగా చల్లబడిపోతుంది, నది పక్క గాలిలో తేమకు కొదవ లేదు, రెండూ కలిసి తెల్లారేసరికి పొగమంచు దిగుతుంది. సంక్రాంతికి ముందూ వెనకా ఇది బాగా ఎక్కువ. కొన్ని రోజులు సీతానగరం వైపు నుంచి ఎక్కితే ఇంద్రకీలాద్రి అసలు కనపడదు. అమ్మవారి గుడి దీపాలు మాత్రం గాల్లో వేలాడుతున్నట్టు పసుపుగా కనిపిస్తాయి. గేట్ల మీది స్తంభాలు ఒకదాని తర్వాత ఒకటి తెల్లటి తెరలోంచి బయటికి వస్తుంటాయి. కనుబొమల మీద, మీసం మీద, హ్యాండిలు మీద సన్నని నీటి బొట్లు పేరుకుంటాయి. బ్యారేజీ మీదకు పెద్ద లారీలను రానివ్వరు కాబట్టి ఆ దారి ఎంచుకున్నాను. హైవే మీద వారధి మీదుగా సైకిలు మీద వెళ్లడం గురించి ఎవరైనా అడిగితే, చలికాలమే కాదు, ఏ కాలంలోనూ వద్దంటాను.

2021 జనవరిలో, అలాంటి పొగమంచులోనే, బ్యారేజీ దిగి బస్టాండు వైపు వెళుతుంటే ముందు ఒక మోపెడ్. పెనుమాక వైపు నుంచి బంతిపూల మూటలు వేసుకుని మార్కెట్టుకు వెళుతున్న రైతు. అతను కుక్క అడ్డం వచ్చి ఆపాడు. నేను పదిహేను అడుగుల దూరంలో ఉన్నాను, రెండు బ్రేకులూ గట్టిగా పట్టాను. చక్రం ఆగలేదు. బ్రేకు కట్టెలు రిమ్ము మీద సబ్బు రాసినట్టు జారాయి. వెళ్లి మూటకు గుద్దుకున్నాను. మూట విడిపోయి రోడ్డంతా పూలు. మోకాలు చర్మం లేచింది, అంతకు మించి ఏమీ కాలేదు. ఆయన నన్ను లేపి, పూలు ఏరుకుంటూ అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "నువ్వు బ్రేకు కొట్టలేదనుకున్నా బాబాయ్, చప్పుడే రాలా."

మర్నాడు సైకిలు షాపు పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన రిమ్ము మీద వేలితో రాసి చూపించాడు. ఇది ఇనుప రిమ్ము, పైన మెరుపు పూత ఉంది, నున్నగా అద్దంలా ఉంటుంది, పొడిగా ఉంటే బ్రేకు పడుతుంది, నీళ్లు తగిలితే రబ్బరుకీ రిమ్ముకీ మధ్య నీటి పొర నిలుస్తుంది, అని చెప్పాడు. వర్షంలో అయితే మనకే తెలుస్తుంది, జాగ్రత్తగా ఉంటాం. మంచు తడి కంటికి కనపడదు. రోడ్డు పొడిగా ఉన్నట్టే ఉంటుంది, రిమ్ము మాత్రం తడిసి ఉంటుంది. అల్యూమినియం రిమ్ములు వేయించమన్నాడు. ముందు చక్రానికి ఆ వారమే వేయించాను, వెనక దానికి మరుసటి సంవత్సరం. రెండింటికీ కలిపి పుల్లలు, కూలీతో సహా 1,900 అయింది. సైకిలు ధరలో మూడో వంతు కంటే ఎక్కువ. అయినా మళ్లీ కొనాల్సి వస్తే మొదటి రోజే అల్యూమినియం రిమ్ములున్నదే కొంటాను. తేడా అంత ఉంది. రిమ్ముతో పాటు ఒక అలవాటు కూడా చేసుకున్నాను. దిగుడు రాకముందే రెండు మూడు సార్లు బ్రేకు మెల్లగా ఆనించి వదులుతాను. ఆ రాపిడికి రిమ్ము మీది తడి తుడుచుకుపోతుంది, తర్వాత నిజంగా అవసరమైనప్పుడు బ్రేకు పడుతుంది.

లైటు విషయంలో నాకు బుద్ధి చెప్పింది మా అబ్బాయి. మొదట్లో టైరుకు ఆనుకుని తిరిగే డైనమో పెట్టించుకున్నాను, చిన్నప్పుడు మా నాన్న సైకిలుకు ఉండేది, ఆ ఇష్టంతో. మంచుకు టైరు పక్కలు తడవగానే డైనమో చక్రం జారుతుంది, లైటు మిణుకుమిణుకుమంటుంది. సిగ్నల్ దగ్గర ఆగితే పూర్తిగా ఆరిపోతుంది. ఒకరోజు వాడు కాలేజీకి బైకు మీద నా వెనకే వచ్చాడు. రాత్రి అన్నం తింటుంటే చెప్పాడు: "నాన్నా, ఇవాళ నీ పక్కకు వచ్చేదాకా నువ్వు నాకు కనపడలేదు. నువ్వని తెలిసి వెతుక్కుంటూ వస్తేనే ఇలా ఉంటే, తెలియనివాళ్ల సంగతేంటి?" ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను ఎదుటి రోడ్డు కనపడాలని లైటు గురించి ఆలోచించాను గానీ, నేను వెనకవాళ్లకు కనపడాలన్న ఆలోచనే రాలేదు.

వెంటనే చార్జింగు పెట్టుకునే ఎర్ర లైటు వెనక బిగించాను, 450 రూపాయలు. మడ్‌గార్డు మీద, పెడళ్ల అంచుల మీద మెరిసే టేపు అంటించాను. పెడల్ మీది టేపు పైకీ కిందికీ కదులుతూ మెరుస్తుంది కాబట్టి సైకిలని దూరం నుంచే తెలుస్తుందని వాడే చెప్పాడు. ముందు లైటు విషయంలో ఒక మాట: పొగమంచులో ఎంత కాంతి ఉంటే అంత మంచిదనుకోవద్దు. లైటు హ్యాండిలు మీద ఎత్తుగా ఉండి సూటిగా కొడితే ఎదురుగా తెల్లగోడ కట్టినట్టు అవుతుంది, మనకేమీ కనపడదు. నేను దాన్ని కిందికి దించి, ముందు చక్రం ఇరుసు పైన, నేల వైపు వంచి పెట్టాను. పది పన్నెండు అడుగుల రోడ్డు స్పష్టంగా కనపడుతుంది. నా వేగానికి అది చాలు.

కళ్లజోడు ఉన్నవాళ్లకు ఇంకో తలనొప్పి. బయట మంచు బొట్లు, ఆగినప్పుడు లోపల ఊపిరి ఆవిరి. ఇంట్లోనే అద్దాలకు సబ్బు వేలితో పల్చగా రాసి, పొడి బట్టతో కనపడకుండా తుడిస్తే ఆవిరి బొట్లుగా పేరుకోదు. బయటి బొట్లకు మాత్రం మందు లేదు, ఆగి తుడుచుకోవలసిందే. బ్యారేజీ ఎక్కే ముందు ఐదో దీపస్తంభం కనపడకపోతే నేను దిగిపోయి, పక్కగా సైకిలు నడిపించుకుంటూ దాటుతాను. పావుగంట ఆలస్యమవుతుంది. సీజనులో అలాంటి రోజులు నాలుగైదు వస్తాయి. ఆ రోజు మా ఓనరు గారికి ముందే ఫోన్ చేస్తాను.

ఊపిరితిత్తుల విషయం దాచకూడదు. చలికాలం తెల్లవారుజామున గాలి కదలదు, పొగ, దుమ్ము నేల దగ్గరే నిలిచిపోతాయి. కాలువ గట్టున చెత్త తగలబెట్టే చోట గొంతు మండుతుంది. బందరు రోడ్డు మీద ఏడు దాటితే బండ్ల పొగ మొదలవుతుంది. నేను గుడ్డ మాస్కు వేసుకుంటాను, అది దుమ్మును కొంత ఆపుతుంది గానీ పొగను ఆపదు. ఉబ్బసం ఉన్నవాళ్లు డాక్టరుని అడగకుండా ఈ పని మొదలుపెట్టవద్దు. మా షెడ్డులో ఒకాయన నన్ను చూసి మొదలుపెట్టి, వారానికే ఆయాసం వచ్చి మానేశాడు. నేను అతన్ని ముందే అడిగి ఉండాల్సింది.

సైకిలు ఆరోగ్యం బాగానే ఉంది. చైనుకు నిండా కవరు ఉన్నందువల్ల తుప్పు పెద్దగా పట్టలేదు, ఐదేళ్లలో ఒక్కసారే చైను మార్చాను. కుట్టుమిషను నూనె వారానికి నాలుగు చుక్కలు. పాత ఇంజనాయిల్ పోయమని ఆటోనగర్‌లో అందరూ సలహా ఇస్తారు, ఊరికే దొరుకుతుంది కూడా, కానీ దానికి దుమ్మంతా అతుక్కుని చైను అరిగిపోతుంది. కొబ్బరినూనె అసలు వద్దు, ఎందుకో మొదట్లోనే చెప్పాను. బ్రేకు కట్టెలు ప్రతి సీజనుకీ కొత్తవి. చలికి ట్యూబులో గాలి కొంచెం తగ్గినట్టు ఉంటుంది, సోమవారం సోమవారం గాలి కొట్టుకుంటే సరిపోతుంది. రాత్రి ఆరుబయట వదలకుండా వరండాలో పెట్టాలి, లేకపోతే పొద్దున్నే సీటు మీద మంచునీళ్లు. వెనక చక్రం రెండుసార్లు బెండు తీయించాను, అది చలి వల్ల కాదు, ఉండవల్లి సెంటరు దగ్గర గుంటల వల్ల.

సాయంత్రం తిరుగు ప్రయాణం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. చలి ఉండదు, ట్రాఫిక్ ఉంటుంది. డిసెంబరులో 5.40కే పొద్దుగూకుతుంది కాబట్టి వెనక లైటు ఆ పూట కూడా వేసుకోవాలి. భవానీలు దీక్ష విరమణకు కొండకు వచ్చే రోజుల్లో బ్యారేజీ, గుడి దారులన్నీ ఎర్రబట్టల జనంతో నిండిపోతాయి. ఆ నాలుగైదు రోజులు సైకిలు నడిపించుకోవడమే.

పొద్దున దారి మాత్రం నాకు ప్రాణం. ధనుర్మాసంలో ఉండవల్లి దాటేలోపే ఎక్కడో గుడి మైకులో తిరుప్పావై వినిపిస్తుంది. వాకిళ్ల ముందు ఆడవాళ్లు తలకు టవలు చుట్టుకుని ముగ్గులు వేస్తుంటారు, గొబ్బెమ్మల మీద గుమ్మడి పూలు పెడుతుంటారు. ముగ్గు తొక్కకుండా పక్కకు తిప్పితే ఒక పెద్దావిడ "నిదానం నాయనా, అక్కడ తడిగా ఉంది" అంటుంది రోజూ, నీళ్లు చల్లింది ఆవిడే. బ్యారేజీ మీద నా ముందూ వెనకా పూల మూటలు, అరటి గెలలు, పాల క్యాన్లు. స్కూటరు మీద వెళ్లిన ఏళ్లలో ఇవేవీ నా కంటపడలేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ల దగ్గర వెయ్యి రూపాయలే ఉంటే, మొదట సైకిలు వెనక బిగించే ఎర్ర లైటు కొనండి. తర్వాత మెరిసే టేపు, చుక్కల గ్లౌజులు. మిగిలినది దాచి, సంక్రాంతిలోపు ముందు చక్రానికి రిమ్ము మార్పించండి. టవలు, పాత పేపరు ఇంట్లో ఉన్నవే సరిపోతాయి.