రూట్ కెనాల్ చేయించిన పన్నుతో ఆరేళ్లు: పన్ను భేష్, క్యాపే అంతంతమాత్రం

తిరుపతి బైపాస్ రోడ్డు పక్కన ఒక చిన్న క్లినిక్‌లో కింది దవడ పన్నుకు రూట్ కెనాల్ (చెడిన నరం తీసేసి లోపల మూసే వైద్యం) చేయించుకుని ఆరేళ్లు దాటింది. ఇప్పుడు సంకటీ నాటుకోడీ ఆ పక్కే నములుతున్నా. పన్నుకు వంక పెట్టేదేమీ లేదు. నా ఫిర్యాదంతా దానిమీద తొడిగిన క్యాప్ మీదే.

చల్లటిది తగిలి జివ్వుమని వెంటనే తగ్గిపోతే చాలావరకు ఫిల్లింగ్‌తో సరిపోతుంది. నాది అట్లా కాదు. వేడి టీ మింగినాక కూడా చాలాసేపు లాగేది, రాత్రి పడుకుంటే చెవిదాకా పోటు. పుప్పి లోపలి నరం దాకా దిగిందన్నమాట. చుట్టూ గట్టి గోడ, నరం వాచడానికి చోటుండదు, అందుకే అంత బాధ. కొందరికి ఉన్నట్టుండి నొప్పి మాయమవుతుంది. నయమైందని సంబరపడొద్దు, నరం చచ్చిపోయి ఉండొచ్చు. ఆ తర్వాత వేరు కొన దగ్గర చీము పడుతుంది. చచ్చిన నరానికి రక్తం అందదు కాబట్టి, మాత్రలు ఎన్ని మింగినా మందు పన్ను లోపలికి చేరదు.

తిమ్మిరి ఇంజెక్షన్ పడినాక నొప్పి తెలియలేదు. నోరు తెరుచుకుని ఉండడమే కష్టం! రబ్బరు షీటులోంచి ఆ పన్నొక్కటే పైకి కనిపించేట్టు పెట్టి, పైన రంధ్రం చేసినారు. నా పన్నుకు నరం ఉండే సన్నటి కాలువలు మూడు. సూదుల్లాంటి ఫైళ్లతో ఒక్కోదాన్ని వేరు కొసదాకా కొలిచి, లోపలి నరం గీకి తీసి, మధ్యమధ్య బ్లీచింగ్ వాసనొచ్చే మందుతో కడిగినారు. కాలువలు ఆరినాక గులాబీరంగు సన్నటి పుల్లలు దూర్చి మూసినారు. గట్టాపెర్చా అంటారు, చెట్టు పాల నుంచి తీసేదే.

ఇక క్యాప్. నేను మెటల్ మీద సెరామిక్ వేసింది తీసుకున్నా. కొన్నేళ్లకు అంచున పెచ్చు లేచింది, నున్నగా అరగదీసి పంపినారు. ఈసారైతే లోపల మెటల్ లేని గట్టి సెరామిక్, జిర్కోనియానే వేయించుకుంటా. పక్క పన్నుకూ ఈ క్యాప్‌కూ మధ్య సందులో మామిడి పీచు ఇరుక్కుంటుంది, బెంగళూరా కాయల కాలంలో చిన్న బ్రష్ జేబులోనే ఉంటుంది. క్యాప్ అంచు కింద మళ్లీ పుప్పి పట్టొచ్చు. నరం లేదు కాబట్టి జివ్వుమని చెప్పదు, అందుకే అప్పుడప్పుడు ఎక్స్‌రే తీయిస్తా.

క్యాప్ ఖర్చు వేరే ఉంటుంది, ముందే అడగండి. నొప్పి పోయింది కదా అని క్యాప్ లేకుండా తిరిగితే దవడ పన్ను నిలువునా చీలే ప్రమాదముంది. వేరుదాకా చీలితే పీకించడం తప్ప దారి లేదు.