కాలేజీల జాబితాకు ఉచిత సాధనాలు: కామన్ డేటా సెట్‌కు మొదటి మార్కు, ఛాన్స్ లెక్కగట్టే సైట్లకు సున్నా

అమెరికాలో హైస్కూలు చదువుతున్న పిల్లలకు కాలేజీల జాబితా కూర్చేటప్పుడు రీచ్ (సీటు రావడం కష్టమైనవి), టార్గెట్ (వచ్చే అవకాశం బాగానే ఉన్నవి), సేఫ్టీ (దాదాపు ఖాయంగా వచ్చేవి) అని మూడు వర్గాలు చేసుకోమని స్కూలు కౌన్సెలర్ మొదలుకొని పక్కింటివాళ్ల దాకా అందరూ చెబుతారు. మధ్యస్థంగా చదివే విద్యార్థికి ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. చిక్కంతా బాగా చదివే విద్యార్థితోనే. ఎస్‌ఏటీ ప్రవేశ పరీక్షలో 1550, తరగతిలో మొదటి వరుస, పది పన్నెండు ఏపీ (కాలేజీ స్థాయి) కోర్సులు ఉన్న అమ్మాయి అంకెలు హార్వర్డ్‌లో సీటు వచ్చినవాళ్ల అంకెలతో సరితూగుతాయి కాబట్టి, అంకెలను మాత్రమే పోల్చే సాధనం ఏదైనా ఆమెకు హార్వర్డ్‌ను టార్గెట్‌గా చూపిస్తుంది. హార్వర్డ్ మాత్రం నూటికి నలుగురికి అటూ ఇటూగానే సీటిస్తుంది. ఆ విధంగా పై వర్గంలో ఉండాల్సిన పేర్లన్నీ మధ్యలోకి దిగి కూర్చుంటాయి, నిజంగా మధ్యలో ఉండాల్సిన కాలేజీలు జాబితాలోకే రావు, అడుగున మనసుకు పట్టని రెండు పేర్లు మొక్కుబడిగా చేరతాయి. ఉచితంగా దొరికే సాధనాలు ఈ లోటును పూడుస్తాయా లేదా అన్న ఒక్క కోణం నుంచే ఈ సమీక్ష రాస్తున్నాను. మా పెద్దమ్మాయి కోసం వీటిని వాడాము, ఇప్పుడు చిన్నవాడి కోసం మళ్లీ వాడుతున్నాము.

నా మొదటి ఓటు కామన్ డేటా సెట్‌కే. చాలా విశ్వవిద్యాలయాలు ఒకే నమూనాలో ఏటా నింపి తమ సైట్లలో పెట్టే ఫారం ఇది. కాలేజ్ బోర్డు, పీటర్సన్స్, కాలేజీలకు ర్యాంకులిచ్చే యూఎస్ న్యూస్ సంస్థలు విశ్వవిద్యాలయాల వారితో కలిసి ఈ నమూనాను నిర్వహిస్తున్నాయి. చూడటానికి ఆదాయపన్ను ఫారంలా పొడిపొడిగా ఉంటుంది, పైగా చాలా చోట్ల దాన్ని ఏ మూలనో ఉన్న ఇన్‌స్టిట్యూషనల్ రీసెర్చ్ పేజీలో పెడతారు. కాలేజీ పేరు పక్కన కామన్ డేటా సెట్ అని చేర్చి గూగుల్‌లో వెతకడమే దగ్గరి దారి. ఏ నుంచి జె వరకు ఉన్న విభాగాల్లో దరఖాస్తుదారుకు ప్రాణం వంటిది సి విభాగం.

ఆ విభాగంలో సి7 అనే పట్టికను తీరిగ్గా చూడాలి. హైస్కూలులో తీసుకున్న కోర్సుల స్థాయి, జీపీఏ (గ్రేడ్ల సగటు), తరగతి ర్యాంకు, టెస్టు స్కోర్లు, ఎస్సే, సిఫార్సు లేఖలు, ఇంటర్వ్యూ, స్వరాష్ట్ర నివాసం, విద్యార్థి ఆ కాలేజీపై చూపిన ఆసక్తి వంటివి వరుసగా ఉంటాయి. ఒక్కొక్కదాని ఎదుట అది చాలా ముఖ్యమో, ముఖ్యమో, పరిగణిస్తారో, అసలు చూడరో తెలిపే గడిలో గుర్తు పెట్టి ఉంటుంది. బాగా చదివే పిల్లల విషయంలో ఆసక్తి అనే ఆ చివరి వరుసకు ఉన్న విలువ చాలామంది గుర్తించరు. దాన్ని ముఖ్యమని గుర్తుపెట్టిన కాలేజీని, మన అంకెలు పెద్దవి కదా అని సేఫ్టీగా వేసుకుని, క్యాంపస్ చూడకుండా, సమాచార సమావేశానికి హాజరు కాకుండా, చివరి రోజు అర్ధరాత్రి దరఖాస్తు పంపితే, సీటిచ్చినా ఈ విద్యార్థి రాడని వాళ్లే అనుకుని వెయిట్‌లిస్టులో పెట్టవచ్చు. ఏప్రిల్లో ఎందుకు రాలేదని ఆశ్చర్యపోయే తల్లిదండ్రులకు జవాబు చాలాసార్లు ఆ గడిలోనే ఉంటుంది.

సి9లో, చేరినవారిలో మధ్య సగం మంది టెస్టు స్కోర్లు ఎక్కడి నుంచి ఎక్కడి వరకో ఇస్తారు. దాని పక్కనే, చేరినవారిలో స్కోరు పంపినవారు ఎంత శాతమో కూడా ఉంటుంది. స్కోరు ఐచ్ఛికమైన చోట ఎక్కువ వచ్చినవాళ్లే పంపుతారు కాబట్టి, మూడో వంతు మందే పంపిన కాలేజీలో ఆ స్కోర్లను మొత్తం తరగతికి కొలతగా తీసుకోకూడదు. సి21లో ఎర్లీ డెసిషన్ (సీటు వస్తే చేరతామని మాటిచ్చి ముందుగా వేసే దరఖాస్తు) కింద ఎంతమంది దరఖాస్తు చేశారో, ఎంతమందికి ఇచ్చారో ఉంటుంది. మొత్తం సంఖ్యల నుంచి వాటిని తీసేస్తే మామూలు గడువులో దరఖాస్తు చేసినవారికి మిగిలిన అవకాశమెంతో దాదాపుగా తేలుతుంది. కొన్ని ప్రైవేటు కాలేజీల విషయంలో ఈ తీసివేత చేసి చూస్తే టార్గెట్ అనుకున్న పేరు రీచ్‌లోకి జారిపోతుంది. అయితే ఎర్లీ అంకె పెద్దదిగా కనిపించడానికి క్రీడల కోసం ముందే ఎంపిక చేసుకున్నవారు కూడా ఒక కారణమని మరిచిపోకూడదు.

ఇన్ని సుగుణాలున్న ఈ ఫారానికి పెద్ద లోపం ఒకటుంది: మేజర్ (ప్రధానంగా చదివే సబ్జెక్టు) వారీగా లెక్క ఉండదు. మన ఇళ్లలో సగం పైగా జాబితాలు కంప్యూటర్ సైన్స్ చుట్టూనే తిరుగుతాయి కాబట్టి ఇది చిన్న లోపం కాదు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం అర్బానా షాంపేన్‌లో మొత్తం మీద దరఖాస్తుదారుల్లో మూడో వంతు కంటే ఎక్కువ మందికి సీటు వస్తుంది, కానీ అక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్‌ను మొదటి ఎంపికగా పెట్టుకున్నవారికి ఆ శాతం ఒక్క అంకెలోనే ఉంటుంది. ఈ వివరం కామన్ డేటా సెట్‌లో లేదు, ఆ విశ్వవిద్యాలయం విడిగా ప్రకటిస్తుంది. టెక్సస్ చట్టం ప్రకారం తరగతి ర్యాంకుతో యూటీ (టెక్సస్ విశ్వవిద్యాలయం) ఆస్టిన్‌లో నేరుగా దొరికే ప్రవేశం కూడా ఇలాంటిదే. 2026 ఫాల్ (శరత్కాలపు) ప్రవేశాల నుంచి అది తరగతిలో మొదటి 5 శాతానికి పరిమితమైంది. ఆ హామీ విశ్వవిద్యాలయంలో ప్రవేశానికే, కోరుకున్న మేజర్‌కు కాదు. ఆ ర్యాంకు ఉన్న అబ్బాయికి యూటీ సేఫ్టీ, యూటీ కంప్యూటర్ సైన్స్ రీచ్. జాబితాలో ఇవి రెండు వేర్వేరు వరుసలుగా రాసుకోవాలి.

రెండో పరిమితి, ఈ అంకెలన్నీ కాలేజీలు తమంత తాము చెప్పుకునేవి. కొలంబియా విశ్వవిద్యాలయం యూఎస్ న్యూస్‌కు ఇచ్చిన వివరాలను అక్కడి గణిత ఆచార్యుడే ప్రశ్నించిన తర్వాత, వాటిలో కొన్ని తప్పులని 2022లో విశ్వవిద్యాలయం ఒప్పుకుంది. ఆ ఏడు దాని ర్యాంకు 2 నుంచి 18కి పడిపోయింది. అక్కడ చదువు ఒక్క ఏడాదిలో పదహారు మెట్లు దిగజారిందని ఎవరూ అనరు. ర్యాంకు చూసి జాబితా కట్టేవాళ్లు ఈ ఉదంతాన్ని గుర్తుపెట్టుకుంటే చాలు, యూఎస్ న్యూస్ గురించి ఇంతకు మించి రాయవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

నావియన్స్, స్కోయర్ వంటి స్కూలు పోర్టల్‌లలో కనిపించే చుక్కల గ్రాఫుకు రెండో స్థానం ఇస్తాను. మన స్కూలు నుంచే గతంలో ఆ కాలేజీకి దరఖాస్తు చేసినవారి జీపీఏ ఒక పక్క, టెస్టు స్కోరు మరో పక్క వేసి, సీటు వచ్చినవారిని ఒక రంగు చుక్కతో, రానివారిని మరో రంగుతో చూపిస్తారు. దేశం మొత్తం సగటు కంటే ఇదే నమ్మదగినది, ఎందుకంటే మన స్కూలు గ్రేడింగును ఆ కాలేజీ ఎలా చూస్తుందో ఇందులోనే తెలుస్తుంది. మంచి మధ్య వర్గం కాలేజీని పట్టుకోవడానికి దీనికి మించినది లేదు: కుడివైపు పై మూలలో ఆకుపచ్చ చుక్కలు గుంపుగా ఉండి, ఎరుపు ఒకటీ అరా మాత్రమే కనిపిస్తే అది నిజమైన టార్గెట్. అదే మూలలో రెండు రంగులూ కలగాపులగంగా ఉంటే, మన అంకెలు ఎంత గొప్పవైనా అది రీచే. చుక్క వెనుక ఉన్న మనిషి ఏ మేజర్ అడిగారో, ఎర్లీలో వేశారో, తల్లిదండ్రులు అక్కడే చదివారో గ్రాఫు చెప్పదు. ఆ సంగతి స్కూలు కౌన్సెలర్‌ను అడిగితే పేర్లు చెప్పకుండానే కొంత వివరిస్తారు.

ఇక డబ్బు. సీటు ఖాయంగా వస్తుందని మాత్రమే చూసి సేఫ్టీ అనేస్తారు, ఆ ఫీజు మనం కట్టగలమా అన్నది మార్చి నెలాఖరు దాకా ఎవరికీ పట్టదు. ఫెడరల్ చట్టం ప్రకారం 2011 నుంచి ఫెడరల్ విద్యార్థి సాయం పొందే ప్రతి కాలేజీ తన సైటులో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ఉంచాలి. కుటుంబ ఆదాయం, ఆస్తులు నింపితే, గ్రాంట్లు పోను మనం కట్టవలసినది ఎంతో అంచనా చూపిస్తుంది. పన్ను కాగితాలు పక్కన పెట్టుకుని కూర్చుంటే ఒక్కో కాలేజీకి పావుగంట పడుతుంది. జీతం ఆదాయం ఒక్కటే ఉన్న కుటుంబానికి అంచనా దగ్గరగానే వస్తుంది, సొంత వ్యాపారం, అద్దెకిచ్చిన ఇళ్లు ఉన్నవారికి దూరంగా పోతుంది. కొన్ని కాలిక్యులేటర్లు మెరిట్ స్కాలర్‌షిప్‌ను లెక్కలోకి తీసుకోవు. మంచి ఉద్యోగాలు చేసే మన కుటుంబాల్లో చాలామందికి అవసరాన్ని బట్టి ఇచ్చే సాయం అందదు, హార్వర్డ్, యేల్ వంటి ఐవీ లీగ్ కాలేజీలు మెరిట్ సాయం అసలే ఇవ్వవు, కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో ఏడాది మొత్తం ఖర్చు 90,000 డాలర్లు దాటింది. కాబట్టి మళ్లీ కామన్ డేటా సెట్‌కే వెళ్లి హెచ్2ఏ వరుస చూడాలి. ఆర్థిక అవసరం లేని విద్యార్థుల్లో ఎంతమందికి కాలేజీ స్కాలర్‌షిప్ ఇచ్చిందో, సగటున ఎంత ఇచ్చిందో అక్కడ ఉంటుంది. అలబామా విశ్వవిద్యాలయం లాంటివి జీపీఏకు, స్కోరుకు ఎంత స్కాలర్‌షిప్ వస్తుందో ముందే పట్టిక వేసి ప్రకటిస్తాయి. బాగా చదివే విద్యార్థికి నిజమైన సేఫ్టీలు దొరికేది ఇలాంటి చోట్లే.

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే) వీసాపై ఉన్న పిల్లల తల్లిదండ్రులకు కాలిక్యులేటర్ చూపే అంకె దాదాపు పనికిరాదు, ఎందుకంటే అది విద్యార్థిని పౌరుడిగా లేదా గ్రీన్‌కార్డు ఉన్నవాడిగా భావించి లెక్క వేస్తుంది. హెచ్-4 పిల్లలకు ఫెడరల్ సాయం రాదు, చాలా ప్రైవేటు కాలేజీలు సాయం విషయంలో వారిని విదేశీ విద్యార్థులతో కలిపే చూస్తాయి. ఆర్థిక అవసరాన్ని పట్టించుకోకుండా విదేశీయులకు కూడా సీటిచ్చేవి హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్హర్‌స్ట్, డార్ట్‌మత్ వంటి కొద్ది కాలేజీలే, అవన్నీ రీచ్‌లే. టెక్సస్, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో నివాస నిబంధనలు నెరవేరితే హెచ్-4 పిల్లలకు స్వరాష్ట్ర ఫీజు వర్తిస్తుంది కనుక ఈ కుటుంబాలకు సొంత రాష్ట్ర విశ్వవిద్యాలయమే జాబితాకు పునాది అవుతుంది. 21 ఏళ్లు నిండి ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారితే ఆ ఫీజు నిలుస్తుందా అన్నది విశ్వవిద్యాలయపు రెసిడెన్సీ ఆఫీసును రాతపూర్వకంగా అడిగి జవాబు దాచుకోవాలి.

కాలేజీలను పోల్చి చూసేందుకు ఫెడరల్ విద్యాశాఖ తెచ్చిన కాలేజ్ స్కోర్‌కార్డ్ సైటు శుభ్రంగా, వేగంగా పనిచేస్తుంది. అందులో చూపే సంపాదన అంకెలు ఫెడరల్ సాయం తీసుకున్న విద్యార్థులవే. రెండు కాలేజీల మధ్య తేడా అంచనాకు వాడవచ్చు, అంతకు మించి ఆధారపడలేము.

మన వివరాలు నింపగానే ఫలానా కాలేజీలో మీకు 37 శాతం అవకాశం అని చెప్పే సైట్లకు సున్నా ఇవ్వడానికి కారణం, అవి ఎస్సేను చదవవు, లేఖలను చూడవు, అయినా రెండంకెల ఖచ్చితత్వంతో మాట్లాడతాయి. వీటి వల్ల కలిగే పెద్ద నష్టం కూడికలో ఉంది. ఒక్కో చోట 5 శాతం చొప్పున పది చోట్ల వేస్తే ఎక్కడో ఒక చోట వచ్చే అవకాశం 40 శాతమని లెక్క తేలుతుంది. ఆ లెక్క ఒకదానితో ఒకటి సంబంధం లేని పది నిర్ణయాలకే చెల్లుతుంది. పది కాలేజీలూ చదివేది అదే ట్రాన్‌స్క్రిప్టు (మార్కుల పత్రం), అవే సిఫార్సు లేఖలు, ఇంచుమించు అదే ఎస్సే కనుక ఒక చోట నచ్చనిది మరో చోట కూడా నచ్చకపోవచ్చు. ఒకే దరఖాస్తును చాలా కాలేజీలకు పంపే కామన్ యాప్ 20 కాలేజీల వరకు అనుమతిస్తుంది కదా అని పదిహేను రీచ్‌లు వేసినవారి జాబితా పొడవు పెరుగుతుంది, భద్రత పెరగదు. పైగా పదిహేను కాలేజీల అనుబంధ ఎస్సేలు రాసేసరికి చివరి ఐదు ఎలా వస్తాయో చదివితే తెలుస్తుంది.

ఈ సాధనాలతో మేము జాబితాను అడుగు నుంచి కట్టుకుంటూ వస్తున్నాము. కోరుకున్న మేజర్‌లో సీటు దాదాపు ఖాయం కావాలి, ఖర్చు భరించగలగాలి, పిల్లవాడు సంతోషంగా వెళ్తానని తానే చెప్పాలి. మూడూ కుదిరినవి రెండు దొరికాకే పై పేర్ల మాట. మూడో షరతు దగ్గరే ఎక్కువ కాలం పట్టింది, ఆనర్స్ కాలేజీల (విశ్వవిద్యాలయంలో బాగా చదివేవారికి ఉండే ప్రత్యేక విభాగాల) క్లాసుల పరిమాణం, ప్రాజెక్టులు చూపించిన తర్వాతే మావాడు మెత్తబడ్డాడు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం లాంటి రోలింగ్ పద్ధతి (దరఖాస్తులు వచ్చిన కొద్దీ ఫలితం చెప్పే) కాలేజీకి వేసవి చివర్లో పంపితే శీతాకాలానికి ముందే ఫలితం చేతికి వస్తుంది. పర్డ్యూ, ఇల్లినాయ్ వంటివి నవంబరు మొదట్లో ఎర్లీ యాక్షన్‌లో (ముందుగా వేసినా చేరతామని మాటివ్వనక్కరలేని పద్ధతిలో) వేసుకోవాలి. డిసెంబరుకు ఒక సీటు చేతిలో ఉంటే, జనవరి గడువు రీచ్‌లలో నిజంగా ఇష్టమైనవి నాలుగైదు ఉంచి తక్కినవి ధైర్యంగా కొట్టేయవచ్చు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు తొమ్మిది క్యాంపస్‌లకు దరఖాస్తు వేరు, టెస్టు స్కోర్లు అక్కడ చూడరు కాబట్టి 1550 ఉన్నంత మాత్రాన వాటిని టార్గెట్ చేసుకోవడం కుదరదు. ఎర్లీ డెసిషన్ మాత్రం నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ అంకె చూసి, ఆ మొత్తం కట్టగలమని ఇంట్లో అందరూ ఒప్పుకున్న తర్వాతే వేయాలి, ఎందుకంటే సీటు వస్తే ఇతర కాలేజీల సాయంతో పోల్చుకునే వీలుండదు.

వేల డాలర్లు తీసుకుని జాబితా చేసిపెట్టే కన్సల్టెంట్లు అవసరమా అని అడిగేవారికి, జాబితా వరకైతే అవసరం లేదనే చెబుతాను. ఎనిమిదేళ్ల మెడికల్ ప్రోగ్రాములు, కళల పోర్ట్‌ఫోలియోలు వంటి ప్రత్యేక దారుల్లో అనుభవజ్ఞుల సలహాకు విలువ ఉంది. డబ్బు కట్టే ముందు వారిని అడగవలసిన ప్రశ్న ఒకటుంది: జాబితాలోని ఒక్కో పేరును ఆ వర్గంలో ఎందుకు పెట్టారో, మేజర్, రాష్ట్రం, ఖర్చు మూడింటి లెక్కా చూపించి చెప్పగలరా అని.