ట్వైన్: అడక్కుండా పుట్టే గడి

ట్వైన్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమనీ, పాఠకుడే దారి ఎంచుకునే మలుపుల కథలు కోడింగ్ రాకపోయినా అందులో రాసుకోవచ్చనీ 2009 నుంచీ అందరూ చెప్తున్నదే. నేను దాన్ని వదలకపోవడానికి కారణం ఒక్కటే. రాస్తూ రాస్తూ జంట బ్రాకెట్లలో నాలుగు మాటలు పడేస్తే చాలు, కథ దారులన్నీ చూపించే మ్యాపులో ఆ పేరుతో కొత్త గడి (కథలో ఒక ముక్క) పుట్టుకొస్తుంది, దానికో బాణం కూడా పడుతుంది.

నాది ఇంటి పంపకాల కథ. కథాకాలం 1990. పాఠకుడే చిన్నకొడుకు, కాగితం మీద సంతకం పెట్టాలో వద్దో తేల్చుకోవాలి. అన్నదమ్ముల గొడవ రాస్తూ, ఊరికే “పద్మక్క ఏమంది?” అని ఒక లింకు పెట్టి ముందుకెళ్ళిపోయాను. అప్పటిదాకా పద్మక్క అందరికీ కాఫీలు అందించే మనిషి, అంతే. ఆ ఖాళీ గడి మాత్రం మ్యాపులో ఓ పక్కన కూర్చుంది. ఫైలు తెరిస్తే ముందు అదే కంట్లో పడేది. వర్డ్‌లో అయితే ఏ పేరా కిందో మరుగున పడేది. చివరికి విసుగొచ్చి నింపబోతే, ఆమె నోట “నా వాటా సంగతి తర్వాత, ముందు అమ్మ ఎవరి దగ్గరుంటుందో తేల్చండి” అని వచ్చింది. కథ అటు తిరిగిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణ చట్టం ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు హక్కు ఇచ్చింది గానీ, 1985 సెప్టెంబరు 5కు ముందే పెళ్ళయినవాళ్ళకు ఇవ్వలేదు. దాంతో పద్మక్క పెళ్ళి తేదీ కీలకమైంది. శుభలేఖ వెతికిన పాఠకుడికి ఒక దారి, వెతకనివాడికి ఇంకో దారి.

అడక్కుండా గడి పుట్టించే ఈ గుణమే ఒక్కోసారి ప్రాణం తీస్తుంది. పేరు పొల్లుపోకుండా కలవాలి. ఒకచోట ‘పెళ్లి’, ఇంకోచోట ‘పెళ్ళి’ అని పడితే (మనం రెండూ రాస్తాం కదా) దాని లెక్కలో అవి రెండు గడులు, రెండోది ఖాళీ. చదవమని తమ్ముడికి పంపితే, “అక్కా, ఇక్కడేం లేదే?” అన్నాడు.

ఇంకోటి, షరతులు మ్యాపులో కనబడవు. శుభలేఖ చూస్తేనే తెరుచుకునే దారికీ, ఎప్పుడూ తెరిచి ఉండే దారికీ ఒకే రకం బాణం. మధ్య గడి నుంచి నడిపి చూసే వీలుంది గానీ, వెనక జరిగినవేవీ దానికి గుర్తుండవు. శుభలేఖ చూడనట్టే మొదలవుతుంది. అందుకని ఏ దారి ఎప్పుడు తెరుచుకోవాలో నోట్‌బుక్కులో రాసుకుంటున్నాను. బ్రౌజర్‌లో వాడేవాళ్ళు కాపీ దించుకుంటూ ఉండండి, సైట్ డేటా తుడిచేస్తే కథ కూడా పోతుంది. నేను కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకున్నదే వాడతాను.

వంటిల్లు సర్దుకున్నాక, ప్లానంటూ ఏమీ లేకుండా రాయడానికి కూర్చునే నాకు ఇది నప్పింది. కథంతా ముందే తలలో ఉన్నవాళ్ళకీ, లెక్కలూ షరతులూ ఎక్కువుండే ఆటలు రాసేవాళ్ళకీ ఇలాంటి కథలకే ఉన్న ‘ఇంక్’ అనే ఇంకో సాధనం సుఖమేమో. అందులో అంతా వరుసగా టెక్స్టే, మ్యాపు ఉండదు. నాకు అడ్డొచ్చేదీ అదే.