పర్షియన్ పిల్లి కళ్లకు సెలైన్, గాజుగుడ్డ: ఏళ్లుగా వాడాక నా మాట

మా మల్లి తెల్ల పర్షియన్. ఈ జాతి పిల్లుల ముఖం చదునుగా ఉంటుంది కాబట్టి కంటి నుంచి ముక్కులోకి కన్నీరు దిగే సన్నని గొట్టం వంకర తిరుగుతుంది. నీరు లోపలికి దిగక చెంప మీదికి కారుతుంది, కంటి మూలల్లో పుసి కడుతుంది. రోజూ తుడవక తప్పదు. పెట్ షాపుల వైప్స్, మరకలు పోగొట్టే లిక్విడ్లు కొన్ని వాడి చూశాను. చివరికి మా ఇంట్లో నిలిచినవి మాత్రం మెడికల్ షాపులో దొరికే 0.9 శాతం నార్మల్ సెలైన్, స్టెరైల్ గాజుగుడ్డ. ఈ రెండూ ఉంటే రోజువారీ శుభ్రానికి ఇంకేదీ అక్కర్లేదని గట్టిగా నమ్ముతున్నాను.

మాది మిర్యాలగూడ. సాగర్ ఎడమ కాలువ కింద వరి, ఊరి చుట్టూ రైస్ మిల్లులు. వానాకాలం కోతలైనా యాసంగి కోతలైనా, ఆ రోజుల్లో కిటికీ చువ్వల మీద వేలు పెడితే ఊక దుమ్ము అంటుకుంటుంది. మల్లి పడుకునేది ఆ కిటికీలోనే. మామూలప్పుడు పొద్దున ఒకసారి తుడిస్తే సరిపోతుంది, కోతలప్పుడు సాయంత్రం కూడా తుడుస్తాను.

ఇంట్లో నీళ్లే కాచి చల్లార్చి వాడొచ్చు కదా అని చాలామంది అడిగారు. మా బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగు చూస్తే ఆ ప్రశ్న రాదు. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ లవణాలు ఎక్కడికీ పోవు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడతాయి. సెలైన్‌లో ఉప్పు పాళ్లు కన్నీటికి దగ్గరగా ఉంటాయి కాబట్టి మంట పుట్టదు. మల్లి కూడా పెద్దగా పెనుగులాడదు.

మొదట్లో 100 మి.లీ. సీసా కొనేదాన్ని. అందులో క్రిములను ఆపే మందేమీ కలపరు, కాబట్టి మూత తీశాక ఎక్కువ రోజులు ఉంచకూడదు. సగం పైగా పారబోయాల్సి వచ్చేది. ఇప్పుడు 10 మి.లీ. ప్లాస్టిక్ ఆంప్యూల్స్ (మూతి విరిచి వాడే చిన్న గొట్టాలు) తెస్తున్నాను. ఒకటి విరిస్తే ఆ రోజుకు సరి. కొనేటప్పుడు లేబుల్ చదవండి, సోడియం క్లోరైడ్, నీరు తప్ప ఇంకేమీ ఉండకూడదు. కాంటాక్ట్ లెన్సులు కడిగే ద్రవం చూడటానికి ఇలాగే ఉంటుంది గానీ అందులో క్రిములను చంపే రసాయనాలుంటాయి, అది పిల్లి కళ్లకు పనికిరాదు. సువాసన వేసిన బేబీ వైప్స్ కూడా వద్దు. పిల్లి ఆ చెంపనే పంజాతో రుద్ది నాకుతుంది, కంటికి పూసిందల్లా కడుపులోకే పోతుంది.

దూది బదులు గాజుగుడ్డ ఎందుకంటే దూది పోగులు రెప్పలకు అంటుకుంటాయి. ఆంప్యూల్‌ను కాసేపు పిడికిట్లో పట్టుకుంటే చల్లదనం పోతుంది. మల్లిని ఒళ్లో వీపు నా వైపు ఉండేలా కూర్చోబెట్టి, తడి గుడ్డను ఎండిన పుసి మీద కొద్దిసేపు ఆనిస్తాను. మెత్తబడ్డాక ముక్కు పక్క మూల నుంచి బయటికి ఒక్కసారి తుడుస్తాను. గీకడం, గోటితో లాగడం అసలు వద్దు. రెండో కంటికి కొత్త గుడ్డ. ఆఖరున పొడి గుడ్డతో ముక్కు పక్క మడత అద్దాలి. అక్కడ తడి నిలిస్తే చర్మం పుండు పడుతుంది. చాలామంది వదిలేసేది ఈ పనే.

దీనితో కానిదొకటుంది. కంటి కింద ఎర్రగోధుమ రంగు మరక పోదు. కన్నీటిలోని పోర్ఫిరిన్ అనే పదార్థం వల్ల వచ్చే రంగు అది. పట్టిన మరక కొత్త వెంట్రుకలు వచ్చే దాకా ఉంటుంది, కొత్త మరక పట్టకుండా మాత్రం రోజూ తుడవడం పనిచేస్తుంది. తిండిలో కలిపే మరకల పౌడర్ల జోలికి నేను వెళ్లలేదు. అనుమతి లేకుండా టైలోసిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన అలాంటి ఉత్పత్తులపై 2014లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. అందం కోసం పిల్లికి యాంటీబయాటిక్ పెట్టడం నాకు ఏమాత్రం నచ్చదు.

రోజూ తుడవడం వల్ల నాకు దొరికిన అసలు లాభం వేరే ఉంది. దాని కన్ను మామూలుగా ఎలా ఉంటుందో నాకు బాగా తెలిసిపోయింది. కొద్దిగా గోధుమ రంగు ఎండు పుసి మల్లికి మామూలే. ఒక యాసంగి కోతల్లో ఎడమ కన్ను సగం మూసి, వెలుతురు చూడలేక మంచం కిందికి పోయింది. పిల్లులకు కంటి మూలలో దాగి ఉండే మూడో రెప్ప బయటికి వచ్చింది. అత్తమ్మ ఆమె మార్గం చెప్పింది, "నందివర్ధనం పూలు పెట్టు బిడ్డా, సల్లగైతది." మనుషుల కళ్ల మీద ఆ పూలు పెట్టడం మా ఇళ్లలో మామూలే, కానీ తుంచితే పాలు కారే చెట్టు అది, పిల్లి కంటికి వద్దన్నాను. ఒక మెడికల్ షాపులో ఎర్ర కన్ను అనగానే స్టెరాయిడ్ ఉన్న చుక్కలు చేతిలో పెట్టారు. అవి వేయకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాం. డాక్టర్ గారు గాయాన్ని పట్టి చూపే ఫ్లోరెసిన్ అనే నారింజ రంగు ద్రవం వేసి నీలి లైటులో చూపించారు. నల్లగుడ్డు మీది పారదర్శక పొరపై సన్నటి గీత ఆకుపచ్చగా మెరిసింది. అలాంటి గాయం మీద స్టెరాయిడ్ పడితే మానదు, పుండు లోతై కన్నే పోవచ్చు. యాంటీబయాటిక్ చుక్కలు, కన్ను గీక్కోకుండా మెడకు కాలర్ ఇచ్చారు, తగ్గింది. ఆ షాపులో ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఆ చుక్కలు ఇచ్చినందుకు నాకు ఇప్పటికీ కోపమే.

పసుపు, ఆకుపచ్చ పుసి వచ్చినా, తుమ్ములు కలిసినా, నల్లగుడ్డు మసకబారినా సెలైన్‌తో నెట్టుకురావద్దు. పిల్లుల్లో కళ్లు అంటుకుపోయే జబ్బుకు హెర్పిస్ వైరస్ పెద్ద కారణం. మల్లికి వేయించే ట్రైక్యాట్ టీకాలో దానికీ రక్షణ ఉంది. జబ్బు అసలు రాకుండా ఆపలేకపోయినా తీవ్రత తగ్గిస్తుంది. కూనను తెచ్చుకునేవాళ్లు ఆంప్యూల్స్ కంటే ముందు ఆ టీకా తేదీ అడగండి. మొదటి వారం నుంచే తడి గుడ్డ అలవాటు చేస్తే పెద్దయ్యాక ఒళ్లో కదలకుండా కూర్చుంటుంది.