పేర్ల వెంట హైదరాబాద్: ఒక పూట యాత్రపై సమీక్ష

హైదరాబాద్‌లోని పేటలకూ బజార్లకూ గుట్టలకూ ఆ పేర్లు ఎలా వచ్చాయో చెబుతూ, అబిడ్స్ నుంచి మూసారాంబాగ్ మీదుగా నౌబత్ పహాడ్ వరకు తిప్పే యాత్రను ఒక చిన్న బృందం ఆదివారం ఉదయాల్లో నిర్వహిస్తోంది. మనిషికి రూ. 700 తీసుకుంటారు, మినీ బస్సు, చాయ్, ఉస్మానియా బిస్కెట్లు అందులోనే. చార్మినార్‌నూ గోల్కొండనూ చూపించే యాత్రలకు కొదవ లేదు కానీ, సిటీ బస్సు కండక్టర్ల నోట రోజూ వినే పేర్లనే వస్తువుగా తీసుకున్న యాత్ర నాకు తెలిసినంతలో ఇదొక్కటే.

ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఆయన దుస్తుల బాగోగులు చూసిన ఆల్బర్ట్ అబిద్ అనే ఆర్మీనియన్ ఇక్కడ దుకాణం పెట్టుకున్నాడు. దుకాణం పోయినా అతని పేరు మాత్రం అబిడ్స్‌గా నిలిచిపోయింది. మార్గదర్శి ఈ కథను హాయిగా, దక్కనీ ఉర్దూ పలుకుబడి కలిసిన తెలుగులో చెప్పాడు. అక్కడి నుంచి కోఠికి నడక. నిజాం కొలువులో బ్రిటిష్ ప్రతినిధిగా ఉండే రెసిడెంటు కోసం కట్టిన భవంతి, అంటే ‘కోఠీ’, ఆ ప్రాంతానికి పేరైంది. దాన్ని అంటిపెట్టుకుని రెసిడెన్సీ అధికారం కింద నడిచిన బజార్లు 1933లో తిరిగి నిజాం చేతికి వచ్చాక సుల్తాన్ బజార్ అయ్యాయి. పాలన చేతులు మారినప్పుడు పేరు కూడా మారుతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దారిలో మరొకటి లేదు. అయితే మైకు లేకపోవడం వల్ల వెనుక వరుసలోని వారికి ఆటోల హారన్లు తప్ప మరేమీ వినిపించలేదు. ఇంత రుసుము తీసుకుంటున్నవారు ఒక చిన్న స్పీకరైనా తెచ్చుకోవలసింది.

యాత్ర మొత్తానికీ ప్రాణం వంటిది మూసారాంబాగ్ మజిలీ. నిజాం సైన్యంలో ఫ్రెంచి దళాలకు నాయకత్వం వహించి 1798లో మరణించిన రేమండ్ సమాధి మలక్‌పేట దాటాక ఒక గుట్ట మీద ఉంది. ఫ్రెంచివారు ‘మొస్యూ (శ్రీయుత) రేమండ్’ అన్నది హిందువుల నోట మూసా రాముడుగా, ముస్లింల నోట మూసా రహీముగా మారిందని, మూసారాంబాగ్ అన్న పేరు అలా వచ్చిందేనని చెబుతారు. ఈ మాట ఎక్కడో చదివి ఊరుకోవడం వేరు, నల్లరాతి స్తంభం మీద చెక్కిన రేమండ్ పేరులోని తొలి అక్షరాలను వేలితో తడిమి చూడడం వేరు. మార్గదర్శి ఇక్కడ ఏమాత్రం తొందరపడలేదు. ఆ అధికారి ఎవరు, అతని తరువాత ఫ్రెంచి దళాలు ఏమయ్యాయి, పరదేశి సైనికుణ్ణి రెండు మతాలవారూ ఎందుకు తమవాడనుకున్నారు అన్న ప్రశ్నలన్నిటికీ ఓపికగా జవాబిచ్చాడు.

ఇంత శ్రద్ధ అన్నిచోట్లా ఉంటే బాగుండేది. నిజాం ఆఫ్రికన్ అశ్విక దళం (ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్) ఉన్నందువల్ల ఏ.సి. గార్డ్స్ అయిన చోటునూ, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి హయాత్ బక్షీ బేగం ‘మా సాహెబా’ పేరుతో ఒకప్పుడు చెరువుగా ఉండి ఇప్పుడు పార్కుగా మారిన మాసాబ్ ట్యాంకునూ బస్సు కిటికీలోంచే చూపించి దాటేశారు. భాగ్యనగరం ప్రస్తావన రాగానే బస్సులో వాదన మొదలైంది. ఆ పేరు భాగమతి వల్ల వచ్చిందన్న కథను చరిత్రకారులందరూ ఒప్పుకోరని చెప్పి మార్గదర్శి నేర్పుగా బయటపడ్డాడు. అదే జాగ్రత్త నాంపల్లి దగ్గర లేకపోయింది. నేక్‌నామ్ ఖాన్ అనే కుతుబ్ షాహీ అధికారి బిరుదే నాంపల్లి అయిందని తిరుగులేని సత్యంలా చెప్పేశాడు. చుట్టూ ఇన్ని పల్లెల పేర్లు ‘పల్లి’తో ముగుస్తున్న నేల మీద, అది ప్రచారంలో ఉన్న కథల్లో ఒకటి మాత్రమేనన్న ఒక్క మాటైనా అనవలసింది.

నా అసలు అసంతృప్తి ఇక్కడే ఉంది. నవాబులూ బేగములూ దొరలూ పెట్టిన, లేదా వారి మీదుగా వచ్చిన పేర్లకు పూటంతా కేటాయించి, గౌలిగూడ, కాచిగూడ, చిక్కడపల్లి వంటి పేర్లను పలకరించకుండానే వెళ్లిపోయారు. పాడి పశువులను పెంచుకున్న గౌలీలు లేకుండా గౌలిగూడ లేదు. గొల్లకొండే గోల్కొండ అయిందన్న మాట పిల్లలకు సైతం తెలుసు. పుత్లీబౌలి పక్క నుంచే నడిచాం కానీ, దూద్‌బౌలి, గచ్చిబౌలి అంటూ బావుల పేర్లు ఈ నగరమంతటా ఎందుకు పరుచుకున్నాయో, నీటికి జనం ఎక్కడెక్కడ చేరారో ఎవరూ చెప్పలేదు. వాళ్లిచ్చే పటంలో ఇంగ్లిష్ తప్ప మరో లిపి లేకపోవడం కూడా ఈ చూపులో భాగమేనని నాకు అనిపించింది.

చివరి మజిలీ నౌబత్ పహాడ్. నగారా మోగించి ఫర్మానాలు చాటిన గుట్ట కనుక ఆ పేరు. పక్కనున్న కాలా పహాడ్ మీద 1976 నుంచి తెల్లటి బిర్లా మందిరం ఉంది. నల్లకొండ మీద పాలరాతి గుడి అని మా బృందంలోని ఒక పెద్దాయన నవ్వారు. ఆదివారం రద్దీలో బస్సు ఆపడానికి చోటు దొరకక అక్కడ పావుగంట కూడా నిలవలేదు. బృందంగా వెళ్లేవారికి పనిదినాల్లోనూ ఏర్పాటు చేస్తామంటున్నారు కాబట్టి, పదిమంది కలిస్తే ఆ రోజునే ఎంచుకోవాలి. మూసారాంబాగ్‌కు ఎక్కువ సేపు కావాలని, గౌలిగూడ సందుల్లోకి కూడా తీసుకెళ్లాలని ముందే అడిగి రాయించుకోవాలి.